సరేనా వేసిన అంకె

దర్జీ దుకాణంలో అందరూ ఆమెను ‘సరేనా’ అనే పిలుస్తారు. పదకొండేళ్లుగా కత్తెర పట్టిన చెయ్యే అయినా, గుడ్డ మీద సుద్దగీత గీసిన ప్రతిసారీ తలెత్తి "సరేనా?" అని అడుగుతుంది. దుకాణం నడిపే ఆడపడుచు తలూపితే ఆ పూటకి తనూ ఒక మనిషినే అనిపిస్తుంది. మూతి విరిస్తే అన్నం సయించదు.

ఆ మధ్యాహ్నం కోటు కోసం వచ్చిన కాలేజీ పంతులమ్మ, తాను చెప్పే మనస్తత్వశాస్త్రం తాలూకు కాగితమొకటి ఆమె చేతిలో పెట్టింది. "మా పిల్లల పరిశోధనకండీ. ఒకటంటే అస్సలు కాదని, ఏడంటే పూర్తిగా నిజమని. ఒకటి నుంచి ఏడు దాకా ఏదో ఒక అంకె వేయండి, చాలు."

మొదటి వాక్యం: ‘ఎవరేమనుకున్నా నా దృష్టిలో నా విలువ మారదు.’

ఆమె పెన్సిల్ కొరుకుతూ, "వదినా, ఏడు వేస్తే సరేనా?" అంది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నన్నడిగి ఏడు వేస్తావా?" ఆడపడుచు పడీ పడీ నవ్వింది.

సరేనా కూడా నవ్వింది. నవ్వుతూనే ఒకటి వేసింది. లోపలెక్కడో సూది దిగింది.

కోటు బల్ల మీద పరిచారు. ఆడపడుచు కళ్లద్దాలు సవరించుకుంది. "ఇదేంటే, కుడిభుజం ఎత్తుగా ఉంది? రేపు ఆవిడ వేదికెక్కాలి. విప్పి మళ్లీ కుట్టు."

పంతులమ్మ ముఖం వాడిపోయింది. "అవునండీ, వంకరగానే ఉంది."

సరేనా చెయ్యి అలవాటుగా కుట్లు విప్పే బ్లేడు మీదికి పోయింది. కొలతలు తీసిన రోజు ఆవిడ కుడిభుజం అరంగుళం కిందికి దిగి ఉండటం తన వేళ్లకింకా గుర్తే. కావాలనే అటు ప్యాడ్ మందంగా పెట్టింది. ఇలా తెలిసి తెలిసీ ఇన్నేళ్లలో ఎన్ని మంచి కుట్లు విప్పేసిందో!

బ్లేడు వదిలేసింది. "విప్పను వదినా."

"ఏంటీ?"

"విప్పనన్నాను. బల్లకి భుజాలుండవు. మీరు వేసుకోండమ్మా."

కోటు తీసి పంతులమ్మ చేతికిచ్చింది.

పంతులమ్మ వేసుకుంది. ఎప్పుడూ అద్దంలో సరేనా వెతికేది వేసుకున్నవాళ్ల ముఖాన్ని. ఇవాళ భుజాలనే చూసింది. తాడు పట్టి గీసినట్టు సమంగా ఉన్నాయి. గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"బాగుందా నాకు?" పంతులమ్మ అటూ ఇటూ తిరుగుతూ ఆత్రంగా అడిగింది.

"అద్దం ఎదురుగానే ఉంది కదమ్మా!" అని, ఆమె బల్ల మీది కాగితం లాక్కుంది. ఒకటిని కొట్టేసి ఐదు వేసింది. ఏడంటే అబద్ధం. ఐదు మాత్రం తనది.

ఆడపడుచు మెడ సాచింది. "ఎంత వేశావే?"

"చెప్పను," అంటూ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పంతులమ్మకు అందించింది.

"ఓయ్ సరేనా, నిన్నే!"

అప్పటికే ఆమె తర్వాతి గుడ్డ మీద గీత గీసి, తలెత్తకుండా కత్తెర ఆడిస్తోంది.