చివరి పిట్ట ముందు

లెవిన్ ట్రూయిట్ తన పెళ్లి ఉంగరంలో తూటాని దూర్చి చూశాడు. పట్టలేదు. ఇంకోటి తీశాడు. అదీ పట్టలేదు. ఫ్రాన్సు యుద్ధ కందకాల్లో కురిసే వానకి, చిన్న గుళ్లు నింపిన అట్ట తూటాలన్నీ నానబెట్టిన శనగల్లా ఉబ్బాయి. ఉంగరంలో దూరనిది తుపాకిలోనూ దూరదు. దూరిన కాసిన్నిటిని ఉన్ని మేజోడులో వేసి, చొక్కా లోపల కడుపుకి ఆనించి కట్టుకున్నాడు.

“మళ్లీ మొదలెట్టావా? నువ్వు కట్టుకుంది పెళ్లాన్నా, తూటాల్నా?” అన్నాడు పక్కనున్న సిపాయి ఆర్లో.

“ఈ దిక్కుమాలిన అట్ట తూటాలు పంపినవాణ్ణి తెచ్చి ఈ బురదలో నిలబెట్టాలి.”

మేరీలాండులో లెవిన్‌ది బాతుల వేట. సరదా వేట కాదు. కొట్టి, పీపాల్లో సర్ది, హోటళ్లకి పంపే బతుకుతెరువు. వెడల్పాటి చేతులు, చలికి పగిలిన చెవులు, ఎప్పుడూ సగం మూసుకునే ఉండే ఎడమ కన్ను. శత్రువు విసిరే చేతిబాంబులను కందకంలో పడకముందే గాలిలో కొట్టాలని సైన్యం అతన్ని ఈ మలుపులో నిలబెట్టింది. వచ్చినప్పటి నుంచి ఒక్క బాంబూ రాలేదు. మిగతా పనులన్నీ వచ్చాయి. రొట్టెల పెట్టె దగ్గర ఎలకలు చేరితే లెవిన్‌ని పిలవండి. ముళ్లకంచెలో చిక్కిన డబ్బా గాలికి గలగలలాడితే లెవిన్‌ని పిలవండి.

ఆ పొద్దున సార్జెంటు హాస్కిన్స్ పరిగెత్తుకొచ్చాడు.

“ట్రూయిట్! పావురాలు! శత్రువు వైపే పోతున్నాయి. కబురు మోసేవేమో, కొట్టు!”

“ఊరి పావురాలండీ అవి.”

“వాటి ఊరేదని నిన్నడిగానా?”

మూడు పావురాలు, ఒకదాని వెనక ఒకటి. లెవిన్ చివరిదాన్ని కొట్టాడు, తర్వాత నడిమిదాన్ని, ఆ తర్వాత ముందుదాన్ని.

“ముందుదాన్ని ఆఖరికి ఉంచావేంటయ్యా? అది తప్పించుకుపోయుంటే?”

“ముందుది పడితే వెనకవి చూసి చెదిరిపోతాయి సార్జెంటూ. చివరి పిట్ట ముందు. మా నాన్న చెంపలు వాయించి మరీ నేర్పాడు.”

పావురాల కాళ్లకి ఏ చీటీ లేదు. హాస్కిన్స్ వాటిని వంటవాడికి ఇచ్చాడు. పొడి తూటాలు పులుసులో కలిసిపోయాయని లెవిన్ మధ్యాహ్నమంతా సణిగాడు. నిజానికి అది కోపం కాదు, భయం. అతని వెనకున్న నేలగదిలో ఆర్లో, మిగతావాళ్లు నిద్రపోతారు. ఆ గుమ్మంలోకి బాంబు వచ్చిన రోజున తన దగ్గర ఉబ్బిన అట్ట తప్ప ఏమీ లేకపోతే?

సాయంత్రం మళ్లీ వాన. తుపాకి నింపుకుని, ఉంగరం తీసి, మేజోడు విప్పి, మిగిలిన తూటాలను ఇసక బస్తా మీద మళ్లీ చూసుకుంటున్నాడు. ఒకటి సగం దూరి ఇరుక్కుపోయింది. దాన్ని తిడుతూ లాగబోతుంటే కంచె అవతల గడ్డి కదిలింది.

మూడు బాంబులు లేచాయి. కట్టె పిడులు గిరగిరా తిరుగుతూ, ఒకదాని వెనక ఒకటి, బాతుల్లాగే వచ్చాయి. తుపాకి తనంతట తనే భుజానికెక్కింది. చివరిదాన్ని కొట్టాడు. నడిమిదాన్ని కొట్టాడు. రెండూ కంచె అవతలే పేలాయి. తుపాకి ఒక్కసారి కూడా మొరాయించలేదు. మూడోదాని వైపు తిరిగేటప్పుడు తెలిసింది, చేసిన తప్పేమిటో. ముందుది పడినా బాంబులు చూడవు, చెదిరిపోవు; ముందొచ్చేదాన్నే ముందు కొట్టాల్సింది.

“అబ్బా, నాన్నా!” అన్నాడు విసుగ్గా.

ముందుది నేలగది గుమ్మం దగ్గర పడింది. మెట్లెక్కి వస్తున్న ఆర్లోని లోపలికి ఒక్క తోపు తోసి, లెవిన్ గుమ్మానికి అడ్డంగా దాని మీద పడ్డాడు.

లోపల ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

వాన తెరిపిచ్చాక లెవిన్‌ని దుప్పటిలో చుట్టి తీసుకెళ్లారు. ఉంగరం అతని భార్యకి పంపాలని ఆర్లో బస్తా మీది తూటాని మెలిపెట్టాడు, లాగాడు, పళ్లతో పట్టి చూశాడు. రాలేదు.

“దీని దుంపతెగ! ఇప్పుడు కూడానా?” అంటూ ఏడ్చాడు.

“ఆరితే వస్తుందిలే,” అన్నాడు హాస్కిన్స్, ఎటో చూస్తూ.

ఆర్లో దాన్ని బస్తా మీదే ఉండిపోయిన లెవిన్ మేజోడులో వేసి, చొక్కా లోపల కడుపుకి కట్టుకున్నాడు. మేజోడు ఇంకా తడిగానే ఉంది. అందులో ఉబ్బిన ఎర్ర తూటా నడుముని ఉంగరం బిగించి పట్టుకునే ఉంది.