సరస్సు ఉన్న యూనివర్సిటీ

మేకను కొయ్యొద్దని అవినో ముందే చెప్పింది. ఎవరూ వినలేదు. పెదనాన్న ఒగుతు ఆదివారం చర్చిలోనే లేచి నిలబడి, చనిపోయిన తన తమ్ముడి కూతురు రాజధానిలోని పెద్ద యూనివర్సిటీలో జీవశాస్త్రం చదవబోతోందని చాటేశాడు. ఆ తర్వాత విందు పెట్టకపోతే పరువేం కావాలి?

నిజానికి ఆమెకు రెండు ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు వచ్చింది. ఒకటి రాజధానిలో. రెండోది సరస్సుకు ఆవలి ఒడ్డున ఉంది. పేరు చెబితే "అదెక్కడుందీ?" అని అడిగేంత కొత్తది. రెంటిలో ఏదో ఒకటి ఆ శుక్రవారంలోగా ఫోనులో నొక్కి ఖాయం చేసుకోవాలి.

అవినో జీవశాస్త్రం వైపు తిరగడానికి ఒక కారణం ఉంది. అంతకు ముందు సంవత్సరం వాళ్లమ్మ పెరెస్ సరస్సులో వలగూళ్లు కట్టి చేపలు పెంచేది. ఒకరోజు తెల్లవారేసరికి అన్నీ పొట్టలు పైకి పెట్టి తేలాయి. ఒంటిమీద ఒక్క గాయం లేదు. ఒగుతు ఒడ్డున నిలబడి చూసి, "విషం పెట్టారు" అన్నాడు. గూళ్లు కట్టే జాగా గురించి పెరెస్‌తో ఎప్పుడూ గొడవపడే ఓబీరా పేరు కూడా ఆయనే చెప్పాడు. సాయంత్రానికల్లా కుర్రాళ్లు ఓబీరా పడవను గొడ్డలితో ముక్కలు చేశారు. అతను పెళ్లాం పిల్లల్ని తీసుకుని ఆవలి ఒడ్డుకు పోయాడు. చేపలు ఎందుకు చచ్చాయో మాత్రం ఎవరూ కనుక్కోలేదు.

సీట్లు వచ్చాక అవినో రెండు చోట్లకీ వెళ్లి చూసింది. రెండు చోట్లా ఒకే ప్రశ్న అడిగింది: గాయం లేకుండా గూటిలో చేపలన్నీ ఒక్కసారే ఎందుకు చస్తాయి? రాజధానిలో ప్రయోగశాల చూపిస్తున్న మాస్టారు నవ్వి, "అది మూడో ఏడాది పాఠంలో వస్తుందమ్మా, కంగారెందుకు?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ గది నిండా కొత్త మైక్రోస్కోపులు ఉన్నాయి. వాటిని చూసి అవినోకి ఆశ పుట్టిన మాట కూడా నిజమే.

రెండో చోట ప్రయోగశాల పైకప్పు కారుతోంది. అక్కడ పాఠాలు చెప్పే డాక్టర్ నసిమియు అనే ఆవిడ ప్రశ్న విని కాసేపు ఆలోచించింది. "తెలీదు. ముందు రాత్రి గాలి ఏ వైపు నుంచి వీచింది?" అని ఎదురడిగింది. అవినో తెల్లబోయింది. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "ఏ వైపో తెలీదు గానీ పెద్ద గాలి వచ్చిందండీ, రేకులు లేచిపోయాయి" అంది. "అయితే పద," అంటూ ఆవిడ సరస్సు నీళ్లు పరీక్షించడానికి ఆమెను పొగలు కక్కే మరపడవ ఎక్కించింది.

విందు రోజు పెరడంతా జనం. మేక కూర, మొక్కజొన్న సంకటి వడ్డన అయ్యాక ఒగుతు లేచాడు.

"మా పిల్ల డాక్టరు కన్నా గొప్పది అవుతుంది. ఇంక చేపల కంపు మనకి అక్కర్లేదు. ఏమే, ఆ ఫోను ఇటియ్యి. అందరి ముందూ నేనే నొక్కుతా."

"నేనే నొక్కాను పెదనాన్నా, పొద్దున్నే," అంది అవినో. "ఆవలి ఒడ్డుదే."

తింటున్న చేతులు ఆగిపోయాయి.

"మతి పోయిందా నీకు? ఆ రేకుల షెడ్డులో ఏముందని?"

"సరస్సుంది."

"సరస్సు ఇక్కడ లేదా? రోజూ అందులోనే కదే స్నానం చేస్తున్నావు!"

ఎవరో కిసుక్కుమన్నారు. అవినో మొహం వేడెక్కింది. అయినా కూర్చోలేదు.

"ఉంది. కానీ మన చేపలు ఎందుకు చచ్చాయో ఇక్కడ ఎవరూ చెప్పలేదు. విషమన్నావు నువ్వు. పెట్టడం చూశావా? ఒకడి పడవ ముక్కలైంది. నీ మాట తప్పైతే ఎలా అని నాకు నిద్ర పట్టట్లేదు."

"నన్ను పదిమందిలో నిలదీస్తావా? చదువుకి వెళ్లడానికి నీకు పరుపూ పెట్టే కొన్నది నేనే, గుర్తుందా?"

"తీసుకెళ్లిపో. చాప మీద పడుకుంటా."

ఒగుతు అవినో తల్లి వైపు తిరిగాడు. "పెరెస్, నీ కూతురికి నువ్వైనా చెప్పు."

పెరెస్ చేయి కడుక్కుంది. "చచ్చినవి నా చేపలు బావగారూ. నాకూ తెలుసుకోవాలనే ఉంది."

ఆయన పరుపు నిజంగానే పట్టుకుపోయాడు. అవినో చాపతోనే వెళ్లింది. మొదటి ఏడాది వానలకు ఆమె పుస్తకాలు రెండుసార్లు తడిశాయి. రాజధానికి వెళ్లిన స్నేహితురాళ్లు పంపే ఫోటోలు చూసి ఒకసారి ఏడ్చింది కూడా. సీటు మార్చుకుంటానని మాత్రం అనలేదు.

రెండో ఏడాది గాలుల కాలంలో ఊళ్లో మళ్లీ చేపలు చచ్చాయి. ఈసారి ఒగుతు కొత్తగా కట్టించిన గూళ్లలో. కబురు అందగానే అవినో నసిమియుతో పడవ మీద వచ్చి, గూళ్ల పక్కన నీళ్లలోకి ప్రాణవాయువు కొలిచే తీగ దించింది. గాలికి అడుగునీరు పైకి తిరగబడింది. ఆ నీళ్లలో ప్రాణవాయువు దాదాపు లేదు. చేపలు ఊపిరాడక చచ్చాయి. అదే మాట, అప్పుడు అమ్మ చేపలూ ఇలాగే చచ్చి ఉంటాయని కూడా, ఒడ్డునున్న వాళ్లందరికీ వినబడేలా చెప్పింది.

"అంతా గాలి మీద తోసెయ్!" అన్నాడు ఒగుతు.

"మరి ఈసారి ఎవరి పడవ పగలగొడదాం పెదనాన్నా? పేరు చెప్పు."

ఆయన గూళ్ల వైపు తిరిగాడు. చేపలను గంపల్లోకి ఎత్తుతున్న కుర్రాళ్లు తలలు వంచుకున్నారు. వాళ్లలో గొడ్డలి పట్టినవాళ్లూ ఉన్నారు.

మర్నాడు పెరెస్, అవినో ఆవలి ఒడ్డుకు వెళ్లారు. ఓబీరా చేపల సంతలో మూటలు మోస్తున్నాడు. వాళ్లు చెప్పిందంతా నిలబడే విన్నాడు. పెరెస్ క్షమించమని అడిగితే తలాడించాడు. ఊరికి రమ్మంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"నా పేరు చెప్పినవాడు వచ్చి పిలవాలి," అన్నాడు. "కొత్త పడవతో సహా."

"నేను వెళ్లి పెదనాన్నకి చెప్తాను," అంది అవినో. "ఆయన వచ్చేదాకా చెప్తూనే ఉంటా."