పూలమ్మ మూయించిన గేటు

వాగు మీది చిన్న కరెంటు డ్యాంకు మరమ్మతు చెయ్యాలంటే ముందు నీళ్లు తగ్గించాలి. ఏళ్ల తరబడి అడుగున పేరుకున్న ఒండ్రు ఒక్కసారిగా కొట్టుకొస్తే కింది ఊరి మంచినీళ్లు పాడవుతాయి, వాగులో చేపలు చస్తాయి. అందుకే ఇంజనీరు సుప్రజ అడుగు గేటు కొంచెమే తెరిపించింది. వాగొడ్డున ఇల్లున్న పూలమ్మ చేతికి ఒక గాజుగొట్టం ఇచ్చింది.

“రోజూ రెండుపూటలా దీన్ని వాగునీళ్లతో నింపి పైనుంచి చూడండి. గొట్టం అడుగున గీసిన నల్లగీత కనబడకపోతే బురద వస్తున్నట్టు. నాకు ఫోన్ చెయ్యండి, గేటు మూయిస్తాను.”

“నేను చెప్తె డ్యాం ఆగుతదా!” అని పూలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

ఆ మాట ఊరంతా పాకింది. బొగ్గుబాయి డ్యూటీకి పోతూ పెనిమిటి గట్టయ్య, “మేడమ్, జర చాయ్ పోస్తరా, డ్యాం పని గిట్ల ఉన్నదా?” అని ఏడిపించేవాడు.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఐదోరోజు పొద్దున కూడా గీత చక్కగా కనబడింది. కానీ గొట్టం ఒంపుతుంటే మురిగిన గుడ్డు వాసన గుప్పుమంది. వాగులోకి చూస్తే బొచ్చెలు, పరకలు, చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లేమో తేటగానే ఉన్నాయి. వాసన సంగతి సుప్రజ చెప్పలేదు. ఫోన్ చేస్తే నవ్వుతారేమోనని పూలమ్మ కాసేపు తటపటాయించింది. ఇంతలో ఒక బొచ్చె పక్కకు ఒరిగింది. ఇక ఆగలేదు.

సుప్రజ ఫోన్ కలవలేదు. గేటు చూసుకునే నర్సింగానికి చేసింది.

“గీత కనబడ్తాందా అక్కా?”

“కనబడ్తాంది.”

“మరి ఏం ఫికర్?”

“గీత మంచిగనే ఉన్నది తమ్మీ, చేపలకే ఊపిరాడ్తలేదు! జల్ది గేటు మూయి. ఎవరన్న అడిగితె పూలమ్మ మూయుమన్నదని చెప్పు.”

నర్సింగం గొణుక్కుంటూనే మూశాడు. అతని కబురందుకుని గంటకల్లా సుప్రజ జీపులో వచ్చి నీళ్లలో మీటరు ముంచింది.

“మంచిపని చేశారండీ! అడుగునీళ్లలో ప్రాణవాయువు దాదాపు లేదు. తేటగా ఉన్నా చేపలు బతకవు. ఇంత తొందరగా ఇలా అవుతుందనుకోలేదు. వాసన గురించి మీకు ముందే చెప్పాల్సింది, నాదే పొరపాటు.”

ఆమె పై గేటు కొద్దిగా ఎత్తించింది. ఎత్తునుంచి దూకిన నీళ్లు గాలిని కలుపుకుని తెల్లటి నురగతో వచ్చాయి. మధ్యాహ్నానికి వాసన పోయింది. ఒరిగిన బొచ్చె దక్కలేదు గానీ, మిగతావి ఒక్కొక్కటే లోపలికి మునిగాయి. ఆ తర్వాత పైనీళ్లూ అడుగునీళ్లూ కలిపే వదిలారు. వారంలో అయ్యే పని రెండువారాలు పట్టింది, అయినా ఎవరూ తొందరపడలేదు.

పని ముగిసిన రోజు పూలమ్మ సుప్రజను కూర్చోబెట్టి బియ్యప్పిండితో గిన్నెలో ఒత్తి కాల్చిన వేడివేడి సర్వపిండి పెట్టింది. గట్టయ్య షిఫ్టు దిగి వచ్చేసరికి గిన్నెలో ఒక్క ముక్కే మిగిలింది.

“ఇదేంది, నాకు గింతేనా?” అన్నాడు.

“ఇంకోటి ఒత్తుతాన, కాళ్లు కడుక్కొని రా,” అంది పూలమ్మ నవ్వుతూ.