దడ సూది

మేడ్చల్ స్టేషన్ వెనక గల్లీలో దూదేకుల చోటే మియా ఇల్లు ఏదని ఎవరినీ అడగనక్కర్లేదు. చలికాలం వచ్చిందంటే ఆ ఇంటి విల్లు చప్పుడు గల్లీ మొదట్లోనే వినిపిస్తుంది. పాత పరుపుల్లో గట్టిపడ్డ దూదిని ముందు పెట్టుకుని, కొయ్యతో నారిని మీటుతుంటే, ఉండలు విడిపోయి దూది గాలిలోకి లేచి మెల్లగా కుప్ప మీద వాలుతుంది. చోటే మియాకు ఆ పనంటే ప్రాణం. అతని భార్య షహజాది బేగానికి ఆ దూదే ప్రాణం మీదికి తెచ్చేది. ఆమెకు ఉబ్బసం.

అతను వెనక కొట్టంలో ఏకేవాడు, ఆమె ముందు అరుగు మీద చలికి కప్పుకునే దూది రజాయిలు కుట్టేది. మధ్యలో గోడ ఉంది కదా అని ఇద్దరూ ధైర్యంగా ఉండేవారు. దూది నూగుకు గోడ ఒక లెక్కా?

పోయిన చలికాలంలో షామీర్‌పేట పెళ్లివారికి పరుపులు కావలసి వచ్చి, తొందర పనని ఆమె కూడా కొట్టంలో కూచుంది. సాయంత్రానికి ఆయాసం ఎత్తుకుంది. హకీం ఇచ్చిన ఉమ్మెత్తాకు పొగ అంతకుముందు ఎన్నోసార్లు ఆదుకున్నదే, ఆ రోజు ఆదుకోలేదు. పక్కింటి సిద్దయ్య బండి కడితే ఆమెను మిషన్ దవాఖానకు తీసుకుపోయారు. నర్సు ఎలీషమ్మ జబ్బకు సూది వేసి, ఎవరో కేకేస్తే పక్క గదిలోకి వెళ్లింది. జరగాల్సిన పొరపాటంతా ఆ కాస్త సేపట్లోనే జరిగిపోయింది.

షహజాది మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. చేతులు వణికాయి. చోటే మియా ఆమె గుండె మీద చెయ్యి పెట్టి చూస్తే అది పట్టు తప్పినట్టు కొట్టుకుంటోంది. అతనికి తండ్రి గుర్తొచ్చాడు. కీసర నుంచి దూది బండితో వస్తూ ఆ ముసలాయన దారిలోనే కన్నుమూశాడు. ఆఖరి గడియలో చెవిలో కలిమా చదివే మనిషి లేకుండా పోయాడన్న బాధ కొడుకుని ఇన్నేళ్లయినా వదల్లేదు. ఆ తప్పు మళ్లీ జరగనివ్వకూడదనుకున్నాడు. మంచాన్ని కాబా ఉండే పడమటి దిక్కుకు తిప్పి, భార్య చెవి దగ్గర కూచుని ఏడుస్తూ కలిమా మొదలుపెట్టాడు.

ఎలీషమ్మ తిరిగొచ్చేసరికి మంచం తలుపుకి అడ్డంగా ఉంది.

"మంచం ఎందుకు తిప్పినవ్ అన్నా?" అందామె. ఆ మంచం మీద షహజాది అప్పటికే కాస్త తేలిగ్గా ఊపిరి తీస్తోంది. తీస్తూ, మొగుడి మాటలు ఒక్కొక్కటీ వింటోంది.

ఆ తర్వాత ఏడాదంతా చోటే మియా పడ్డ దెప్పులు ఇన్నీ అన్నీ కావు. అన్నానికి ఆలస్యమైతే, "నా చెవిల చదవనీకి ఉరికొచ్చినవ్, తిననీకి రావేంది?" అనేది. గల్లీవాళ్లు నవ్వేవారు, అతనూ నవ్వేవాడు. కానీ ఒకనాడు ఆమె నవ్వకుండా చెప్పింది.

"ఆ దడ సూది ఇగ నాకొద్దు. గుండెను ఉరికిచ్చి ఉరికిచ్చి చంపే మందు అది. సచ్చిపోతున్న అని నాకు నువ్వే చెప్పినవ్ గద, చెవిల. ఊపిరాడక పోతె పోత గని, అట్ల వినుకుంట పోను."

దవాఖానలో ఉన్న మందు అదొక్కటే. ఆమెకు దాని మీద భయం పుట్టించింది సూది కాదు, చోటే మియానే. ఈసారి ఆయాసం వస్తే ఆమె చెయ్యి చాపదు, చాపకపోతే బతకదు. మళ్లీ చలి మొదలైన దగ్గర్నుంచి విల్లు పడితే చాలు, అతని మనసు ముందు అరుగు మీదే ఉండేది.

ఆ రోజుల్లోనే దవాఖాన పరుపులు ఏకమని ఎలీషమ్మ కబురు పెట్టింది. పెరట్లో కూచుని ఏకుతూ, ఆమె అటుగా వచ్చినప్పుడు అడిగేశాడు.

"సిస్టరమ్మా, ఆ సూదిల ఏముంటది?"

ఎలీషమ్మ నూగుకు కొంగు అడ్డం పెట్టుకుని గట్టు మీద కూచుంది. "మన ఒంట్ల ఉండేదే అన్నా. గుర్దాల మీద, అదే మూత్రపిండాల మీద, టోపీ పెట్టినట్టు చిన్న గడ్డలుంటయి. ఎద్దు పొడవనీకి వచ్చిందనుకో, అవి ఆ మందును నెత్తుట్లకు ఇడుస్తయి. గుండె దడదడ కొట్టుకుంటది. తోలు కింది నెత్తురు కండలకు మళ్లుతది, అందుకే మొఖం తెల్లగైతది. ఉరకాలంటె గాలి మస్తు కావాలె గద, ఊపిరి గొట్టాలు పెద్దగైతయి. మాకు కావలసింది గా ఒక్కటే. దాని కోసం సూదితోని ఎక్కిస్తం. తక్కినవి పిలవకున్న ఎంబడి వస్తయి."

"అంటె ఎద్దు లేకుంటనే ఎద్దు వచ్చినట్టు."

"గంతే. ఆయాసం వచ్చినప్పుడు గొట్టాల చుట్టున్న కండ బిగుసుకుంటది, నువ్వు గోతం మూతికి తాడు బిగిచ్చినట్టు. గీ మందు ఆ తాడు వదులు చేస్తది. దడ కొంచెం సేపటికి దానంతట అదే దిగుతది."

చోటే మియా విల్లు పక్కన పెట్టాడు. "మరి ఏది మందు దడనో, ఏది సావు దడనో నాకెట్ల తెలవాలె?"

ఎలీషమ్మ తనకు తెలిసినంత వరకే చెప్పింది. "గుండె మీద చెయ్యి పెట్టకు. మెడ కింది గుంట జూడు. ఊపిరికొకసారి లోపలికి పోతాంటె ఇంకా బిగుసుకొని ఉన్నట్టు. మాట జూడు. ఒక్క మాటకే రొప్పే మనిషి రెండు మాటలు కలిపి అన్నదంటె తాడు వదులైతాందని. అందరికి అట్లనే అయితదని నేను చెప్పలేనన్నా. ఆలస్యం జేస్తె మందు గూడ ఏం జేయలేదు."

ఇంటికొచ్చి ఎద్దు సంగతి, టోపీ సంగతి, గోతం సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. షహజాది సూదిలో దారం ఎక్కిస్తూ అంతా విన్నది.

"మంచిగ చెప్పింది. సూది మాత్రం వద్దు," అంది.

చలి ముదిరాక ఒక మధ్యాహ్నం ఎవరో పాత రజాయి మూట తెచ్చి అరుగు మీద పడేసి పోయారు. ఎన్నేళ్లు మూలన పడి ఉందో, ఆమె ముడి విప్పగానే దుమ్ము మొహాన కొట్టింది. చోటే మియా వెనక నుంచి వచ్చేసరికి ఆమె మోకాళ్ల మీద చేతులాన్చి ముందుకు వంగి ఉంది. మెడ కింది గుంట లోపలికి పోతోంది. కోడలు తాహెరా దవాఖానకు పరిగెత్తింది.

ఎలీషమ్మ రేకు డబ్బాతో వచ్చి పక్కన కూచుంది. షహజాది తల అడ్డంగా ఊపింది. పెదాలు నీలంగా తిరుగుతున్నాయి. తర్వాత మొగుడి మణికట్టు పట్టుకుంది.

"చదవొద్దు," అంది. మళ్లీ ఊపిరి కోసం కొట్టుకుని, "ఒట్టు."

సూదికి ఒప్పుకుంటోంది, కానీ ఆ షరతు మీద. ఆమె అడిగింది చిన్న మాట కాదు. చదవకుండా ఉండగా ఆమె పోతే, కీసర దారిలో తండ్రి ఎట్లా పోయాడో ఈమె అట్లాగే పోయినట్టు, అదీ తను పక్కనే ఉండి.

"చదవను. నీ మీద ఒట్టు," అన్నాడు.

ఆమె చెయ్యి చాపింది.

సూది పడిన కాసేపటికి అంతా పోయినేడు లాగే వచ్చింది. మొహం పాలిపోయింది, వేళ్లు వణికాయి, చీర కొంగు కింద గుండె అదురుతుండడం కంటికే కనబడుతోంది. కలిమా అతని నాలుక కొస దాకా వచ్చింది. గుండె మీదికి పోబోయిన చేతిని వెనక్కి లాక్కున్నాడు. గుంట వైపే చూశాడు. అది ఇంకా లోపలికి పోతూనే ఉంది. నోరు ఊరికే ఉంటే ఒట్టు నిలబడేలా లేదు, ఏదో ఒకటి మాట్లాడాలి.

"పటేలింటి రజాయికి పైగుడ్డ ఎర్రది కోసి పెట్టిన," అన్నాడు ఆమె చెవి దగ్గర వంగి. "ఎర్రదయితె మంచిగుంటది. అంచు పచ్చది వేస్త."

ఆమె కళ్లు మూసుకునే ఉంది. అతను ఆపలేదు. ఎర్ర గుడ్డ నేత గురించి, రంగు గురించి, అంచు కుట్టు గురించి చెప్పుకుంటూ పోయాడు. చెప్పేది అయిపోతే మళ్లీ ఎర్ర గుడ్డ దగ్గరికే వచ్చాడు. ఎలీషమ్మ నాడి పట్టుకుని కూచుంది.

"నీలం," అంది షహజాది.

"ఏంది?"

కొంచెం ఆగి, "నీలం అన్నరు," అంది.

రెండు మాటలు. చోటే మియా ఎలీషమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. మెడ కింది గుంట ఇప్పుడు అంత లోతుగా పోవడం లేదు.

"నాకు ఎర్రదనే యాది," అన్నాడు మొండిగా.

"నీలం అన్నరని పొద్దుగాలనే చెప్పిన గద. చెవులు యాడ పెట్టుకున్నవ్? మంచి గుడ్డ ఖరాబు జేసినవా ఏంది?"

అతను గుడ్డే కోయలేదు. ఆ మాట చెబుదామంటే ఏడుపు అడ్డమొచ్చింది. గల్లీ అంతా చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా, తలపాగా కొసతో మొహం తుడుచుకుంటూ ఏడ్చాడు. దడ దిగేదాకా ఉండి, సాయంత్రం మళ్లీ వచ్చి చూస్తానని చెప్పి ఎలీషమ్మ డబ్బా సర్దుకుని వెళ్లింది. తాహెరా ఆ దుమ్ము మూటను ఇంటికి దూరంగా పెట్టి వచ్చింది.

షహజాది గోడకు ఆనుకుని కాసేపు ఊపిరి తీస్తూ కూచుంది. తీసిన ప్రతి ఊపిరీ నిండుగా లోపలికి పోతుంటే, దాన్నే వింటున్నట్టుంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఇగ చదువు," అంది.

"వద్దంటివి గద."

"సచ్చేదానికి చదవొద్దన్న. గిప్పుడు బతికున్న గద. చదువు, నేనుగూడ చదువుత."

అతను కళ్లు తుడుచుకుని గొంతు సవరించుకునేలోగా ఆమే మొదలుపెట్టింది.