పైఖర్చుల కింద ఒక మనిషి

ఓడ కంపెనీ పెద్దలారా, మీరు దొంగలు. పనివాడి జీతాన్ని టిక్కెట్టు ధరలోంచి తప్పించి, దానికి ‘సేవా రుసుము’ అని పేరు పెట్టి, ప్రయాణికుల పైఖర్చుల్లో రోజూ రాసింది మీరు. ఇష్టం లేకపోతే కొట్టేయించుకోండి అని తియ్యగా చెప్పిందీ మీరే. ఆ కొట్టివేత ఎవరి మెడకు చుట్టుకుంటుందో మాత్రం చెప్పలేదు. హోటలు యజమానీ, నువ్వు తప్పించుకోలేవు. జీతం పెంచమని అడిగిన మనిషికి ఉత్తమ పనిమనిషి బహుమతి అంటూ రెండు ఓడ టిక్కెట్లు ఇచ్చి, పక్కన నిలబడి ఫొటో దిగావు.

ఆ ఫొటోలో నీ పక్కన నవ్వుతున్న ఆవిడ ఇప్పుడు మోకాళ్ళ మీద ఉంది. ఓడలో, తన గదిలో, తన పక్క తనే వేసుకుంటోంది. ఎడమచేత్తో పరుపు మూల ఎత్తి, కుడిచేత్తో దుప్పటి అంచు లోపలికి దోపి, అరచేతి పక్కతో గట్టిగా ఒక్క గీత గీసింది. మడత కాగితంలా నిలిచింది. పాతికేళ్ళుగా హోటల్లో ఇదే పని. తోటివాళ్ళు దుప్పటక్క అంటారు. బ్లీచింగు నీళ్ళకు వేళ్ళ చివర తోలు అరిగిపోయి, హాజరు వేసే యంత్రం ఆమె వేలిముద్రను గుర్తుపట్టడం మానేసింది. పనిలోకి వచ్చానని రోజూ పొద్దున్నే ఇంకొకరి చేత చెప్పించుకోవాలి.

“సెలవుకొచ్చి కూడా చాకిరీయేనా?” కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్న అత్త అడిగింది. “ఆ గదులు సర్దే మనిషి వస్తాడు కదే.”

“వచ్చేలోపు అయిపోవాలి, అత్తా. కాళ్ళు దించకు, నేల తుడిచాను.”

“దించి ఎక్కడికి పోతాను? నాలుగడుగులేస్తే గోడ.”

నిజమే. కిటికీ లేని గది అది. కిటికీ ఉన్న గదికి డబ్బు వేరే. గోడకు మాత్రం ఒక నీలం తెర వేలాడదీశారు. మొదటిరోజు అత్త సముద్రం చూద్దామని ఆ తెర ఆత్రంగా లాగింది. వెనక గోడే ఉంది. ముసలావిడ ఆ గోడను తట్టి, “ఎవరైనా ఉన్నారా?” అని అడిగి తనే నవ్వింది. ఆ నవ్వు రెండోరోజుకి అయిపోయింది.

పైన డెక్కు మీద కూర్చోవడం ఉచితమే. అక్కడ ఒకడు పళ్ళెంలో చల్లని రసం తెచ్చి వంగి అందిస్తే, మర్యాద అనుకుని అత్త పుచ్చుకుంది. ఖాళీ గ్లాసుతో పాటు బిల్లు వచ్చింది. అప్పటినుంచి కోడలు ఆవిణ్ణి పైకి తీసుకెళ్ళడం మానేసింది. గదిలో బల్ల మీద నీళ్ళ సీసా ఒకటి ఉంటుంది. దాని మెడలో చీటీ.

“తప్పిపోతుందని కట్టారేంటే?” అంది అత్త.

“మూత తిప్పితే డబ్బులని కట్టారు,” అని కోడలు దాన్ని అలమరాలో దాచేసింది.

బయలుదేరే ముందు ఇంట్లో భర్త పక్కన కూర్చుని పైఖర్చులు ఆలోచించింది. దారిలో టీలు, ఒక ఫొటో, అన్నిటికంటే ముఖ్యం పడవ. ఓడ ఒకచోట ఒడ్డుకు దూరంగా ఆగుతుందట. చిన్న పడవలో ఊళ్ళోకి తీసుకెళ్ళి తెస్తారట. ఆ పడవకు డబ్బు కట్టాలి. అత్తను ఆ పడవ ఎక్కించాలన్నదే ఆమె పట్టుదల. తను హోటల్లో ఇతరుల దుప్పట్లు మారుస్తున్న ఏళ్ళన్నీ, అత్త ఒక్క గదిలో ముగ్గురు పిల్లల్ని సాకింది. ఎక్కడికీ పోలేదు. పోతానని అడగలేదు. ఈ ఓడ సంగతి విన్నాక మాత్రం ఒక్కమాట అంది. “కొత్త నేల మీద ఒక్కసారి కాలు పెడతానే.”

ఓడెక్కాక తెలిసింది, సేవా రుసుము అని ఇద్దరి పేర్ల మీదా రోజూ పడుతోందని. అది పోతే పడవకు మిగలదు. కౌంటర్లో అమ్మాయిని అడిగితే, “వద్దంటే తీసేయొచ్చండీ, చాలామంది తీసేయిస్తారు,” అంది. నా గది నేనే సర్దుకుంటే ఇంకొకరికి ఎందుకివ్వాలి అనుకుంది దుప్పటక్క. న్యాయంగానే తోచింది. రుసుము తీసేయించి, ఓడెక్కేటప్పుడు కార్డులో వేయించుకున్న డబ్బులో అలా మిగిలినదానితో రెండు పడవ టిక్కెట్లు కొంది. ఆ రోజునుంచి గది తనే సర్దుతోంది, ఎవరి సొమ్మూ ఉత్తినే తినకూడదని.

ఇవాళే పడవ. తలుపు చప్పుడైంది. గదుల మనిషి. నెరిసిన జుట్టు, చేతిలో మడిచిన తువ్వాళ్ళు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“అమ్మా, నా మీద కోపమా?”

“కోపమెందుకన్నా? నేనూ నీలా గదులు సర్దేదాన్నే. నీకో గది తగ్గుతుంది కదా అని...”

అతను పరుపు మూల వైపు చూశాడు. “నాకంటే బాగా వేశారు,” అన్నాడు. తరవాత గొంతు తగ్గించాడు. “గది తగ్గలేదమ్మా. జీతం తగ్గింది. కంపెనీ ఇచ్చేది సబ్బుకి కూడా చాలదు. ఆ రుసుమే మా జీతం. ఎవరైనా కొట్టేయిస్తే, వీడి పని నచ్చలేదని రాసుకుంటారు. నా వరసలో అలా కొట్టేయించిన గదుల్లో మీది మూడోది. పనిలోంచి తీసేసి, ఇవాళ పడవలో దిగిపొమ్మన్నారు.”

హోటల్లో దిండు కింద బక్షీసు ఏమీ వదలకుండా పోయినవాళ్ళను ఎన్నిసార్లు తిట్టుకుందో! “చేతులు పడిపోను” అని కూడా తిట్టింది. తన చేతుల వైపు చూసుకుంది.

కౌంటరుకు పరుగెత్తింది. రుసుము మళ్ళీ రాయమంది.

“కార్డులో డబ్బు లేదండీ,” అంది ఆ అమ్మాయి.

“పడవ టిక్కెట్లు వెనక్కి తీసుకో తల్లీ.”

“పడవ బయలుదేరే రోజు తీసుకోమండీ. అయినా అతన్ని తీసేసిన కాగితాలు వెళ్ళిపోయాయి. మీరేం బాధపడకండి, ఇది మామూలే.”

జాకెట్లో తిరుగు ప్రయాణం బస్సు డబ్బులున్నాయి. అతనికిద్దామని గదికి వస్తూ వాటిని బయటికి తీసింది. బస్సు లేకుండా అత్తను ఇంటిదాకా నడిపించడం కుదరదు. మళ్ళీ లోపలే పెట్టుకుంది. అప్పటికి గుమ్మంలో అతను లేడు.

“ఏమన్నాడే?” అంది అత్త.

“తువ్వాళ్ళిచ్చాడు.”

మధ్యాహ్నం పడవలో ఎదుటి బల్ల మీద అతనే కూర్చున్నాడు. ఒళ్ళో రేకు పెట్టె, కాళ్ళకు రబ్బరు చెప్పులు. దుప్పటక్క నీళ్ళ వైపు తల తిప్పుకుంది. అత్తకు మాత్రం పట్టరాని హుషారు.

“నువ్వూ ఊరు చూడ్డానికేనా నాయనా?”

అతను కోడలి వైపు ఒక్కసారి చూశాడు. “అవునమ్మా. చూడ్డానికే.”

“పెట్టె ఎందుకురా, అంతా కొనేస్తావా ఏంటి?”

“కొనేద్దామనేనమ్మా,” అని నవ్వాడు.

ఒడ్డున అతనే అత్త చెయ్యి పట్టుకుని దించాడు. ముసలావిడ చెప్పులు విప్పి, వేడి నేల మీద రెండు పాదాలూ ఆనించి, చిన్నపిల్లలా కింద తట్టింది. “గట్టిగా ఉందే!” అంది. కోడలు నవ్వాలి కాబట్టి నవ్వింది. తలెత్తేసరికి పెట్టె భుజాన పెట్టుకుని అతను జనంలో కలిసిపోయాడు. పిలుద్దామంటే పేరు తెలియదు. నాలుగు రోజులు తన గుమ్మం ముందు నిలబడ్డ మనిషి పేరు అడగలేదు.

తిరుగు పడవలో ఎదుటి బల్ల ఖాళీ. అత్త అలసిపోయి కోడలి భుజం మీద నిద్రపోయింది. ఆ తల బరువు కింద దుప్పటక్క కదలకుండా కూర్చుంది.

ఓడ పెద్దలారా, ఇప్పుడు వినండి. రుసుము నాటకం ఆపండి. టిక్కెట్టు సొమ్ములోంచే పనివాళ్ళకు జీతం ఇవ్వండి, పూర్తిగా, మీ చేత్తో. పేదను పేద మీదికి ఎగదోసి మధ్యలో మీరు కాజేయకండి. ఆ మనిషిని ఇవాళే వెనక్కి పిలవండి. దుప్పటక్క గది బయట, పనివాళ్ళ అలమరా కింద, కంపెనీ ఇచ్చిన నల్లబూట్లు విప్పి పెట్టి పోయాడు. మడమలు అరిగి ఒక పక్కకు ఒరిగాయి, లేసులు చక్కగా మడిచి లోపల పెట్టి ఉన్నాయి. అతని జీతం బాకీ తీర్చేదాకా ఆ బూట్లను ఇంకొకరి కాళ్ళకు తొడగకండి.