మోటారు ఆగని ఉదయం

కుటుంబ పెన్షన్ దరఖాస్తులో పదకొండో ప్రశ్న దగ్గర ఆమె పెన్ను ఆగింది. "మరణించేనాటికి దంపతులు కలిసి జీవిస్తున్నారా?" పక్కన రెండు గడులు: అవును, కాదు.

"అవునని పెట్టెయ్ వదినా. మా అన్నయ్య వచ్చి కాదంటాడా?" అంది ఆడపడుచు.

ఆమె రెండు గడులూ ఖాళీగా వదిలేసింది. అబద్ధమాడటం ఇష్టం లేక కాదు. ఏది అబద్ధమో తేల్చుకోలేకపోయింది.

పది రోజుల తర్వాత పెన్షన్ ఆఫీసు నుంచి విచారణకు ఒక అధికారిణి వచ్చింది. నలభై దాటిన మనిషి. కుర్చీలో కూర్చోగానే ఫైలు మోకాళ్ళ మీద పెట్టుకుని, అటూ ఇటూ చూడకుండా విషయంలోకి దిగింది.

"నాలుగేళ్ళ కిందట మీవారు పెన్షన్ పుస్తకంలో చిరునామా మార్పించుకున్నారు. 'పై గది' అని. విడిగా ఉంటున్న భార్యకి ఈ పెన్షన్ రాదమ్మా. అందుకే అడగాల్సొస్తోంది."

"పై గదంటే పరాయి దేశమా అండీ? పదహారు మెట్లు," ఆడపడుచు అందుకుంది. "అన్నయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఎక్కి దిగలేక అక్కడే ఉండిపోయాడు."

"మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందుంటారు కదండీ," అంది అధికారిణి, నవ్వకుండానే.

పెన్షన్ రాకపోతే ఈ అద్దె ఇల్లు వదిలి, ఆడపడుచు ఇంట్లో వంటగది పక్కన మంచం వేసుకోవాలి. ఆ సంగతి వదినామరదళ్ళిద్దరికీ తెలుసు. ఇద్దరికీ ఇష్టం లేదు.

"నువ్వెళ్ళి టీ పెట్టు," అంది ఆమె.

"పెడతాలే. కొంప ముంచే ముందు పంచదార డబ్బా ఎక్కడుందో చెప్పు."

మరదలు లోపలికి వెళ్ళాక ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆయన నీటి సరఫరా శాఖలో పంపు ఆపరేటరు. రిటైరయ్యాక రోజంతా ఇంట్లోనే ఉండేవాడు. ఒకసారి బంధువులందరి ముందూ ఆమె, "ఈయన ఇంట్లో ఉన్నా లేనట్టే," అంది. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. మర్నాడు పరుపు చుట్టుకుని పై గదికి వెళ్ళిపోయాడు. ఆయనే మాట్లాడాలని ఆమె, ఆమే పిలవాలని ఆయన. వారం తర్వాత పిలవడం కష్టమైంది. ఏడాది గడిచాక ఏమని పిలవాలో కూడా తెలియలేదు.

"నాలుగేళ్ళూ మాటల్లేవా?"

"లేవు. కానీ..."

నీళ్ళ మోటారు స్విచ్ పై గదిలో ఉంది. రోజూ ఆరింటికి ఆయన గోడ వెంట దిగే పైపును పానాతో రెండుసార్లు కొట్టేవాడు. పంపుహౌస్‌లో అలవాటు, నీళ్ళు వదిలే ముందు కింద ఉన్నవాళ్ళకి హెచ్చరిక. ఆమె బకెట్టు పెట్టేది. నిండగానే గ్లాసుతో పైపు మీద ఒకటి కొట్టేది. మోటారు ఆగేది.

"చప్పుడు రాని రోజుందా?"

"లేదు."

"మీరు బదులివ్వని రోజు?"

"లేదు."

అధికారిణి రాసుకోసాగింది. ఆమె తన చేతుల కేసి చూసుకుంది. ఇక్కడితో ఆపేయవచ్చు. ఆపేస్తే పెన్షన్ వస్తుంది. ప్రతి నెలా వస్తుంది, ప్రతి నెలా ఆయన పోయిన ఉదయం గురించి అడుగుతుంది.

"ఆ రోజు ఒక్కటే చప్పుడు వచ్చిందండీ. నీళ్ళొచ్చాయి. బకెట్టు నిండాక కొట్టాను, ఆగలేదు. ఇంకోసారి కొట్టాను. నా చేత పిలిపించుకోవాలని పంతం పట్టాడనుకున్నా. కట్టనీ, కరెంటు బిల్లు తనే కట్టనీ అనుకున్నా. నీళ్ళు గుమ్మం దాటి వీధిలోకి పోతుంటే అరగంట చూస్తూ కూర్చున్నా. తర్వాత వెళ్ళా. స్విచ్ కిందే పడి ఉన్నాడు. పానా చేతిలోనే ఉంది."

వంటగదిలో చెంచా చప్పుడు ఆగిపోయింది.

అధికారిణి రాయడం ముగించి కాగితం ఆమె వైపు తిప్పింది. "చదివి సంతకం పెట్టండమ్మా."

ఆమె చదివింది. 'నీళ్ళు ఆగకపోవడంతో భార్య పైకి వెళ్ళి చూసింది.'

"అరగంట అని రాయలేదు."

"పెన్షన్‌కి అది అక్కర్లేదు."

"నాకు కావాలి."

"పైవాళ్ళు ఎలా తీసుకుంటారో నేను చెప్పలేను."

"రాయండి."

అధికారిణి వాక్యంలో 'అరగంట తర్వాత' అని ఇరికించి రాసింది. తర్వాత పదకొండో ప్రశ్న దగ్గర 'అవును' గడిలో టిక్కు పెట్టి, పక్కన తన పొట్టి సంతకం చేసింది. కాగితం అడుగున ఆమె తన పేరు రాసింది. మరదలు టీ తెచ్చి పెట్టింది. అందులో పంచదార లేదు. అలాగే తాగారు.

రెండు నెలలకు మంజూరు ఉత్తర్వు వచ్చింది. మరదలు దాన్ని రెండుసార్లు చదివింది. అరగంట ఊసు అందులో ఎక్కడా లేదు.

"ఇంక ఆ స్విచ్ కిందికి మార్పించు వదినా. ఎన్నాళ్ళు ఎక్కి దిగుతావ్?"

"చూద్దాంలే."

మర్నాడు ఆరింటికి ఆమె పదహారు మెట్లూ ఎక్కి మోటారు వేసింది. దిగి వచ్చేసరికి బకెట్టు సగం నిండింది. పూర్తిగా నిండేదాకా నిలబడి, గ్లాసుతో పైపు మీద ఒకటి కొట్టి, ఆపడానికి మళ్ళీ మెట్లెక్కింది. ఈసారి ఒక్క నిమిషం కూడా ఆగలేదు.