మందు మార్చిన చేయి

ఆశ్వయుజ మాసపు కడపటి దినములలో సముద్రముపై పుట్టిన వాయుగుండము చీరాల పట్టణముమీద పండ్రెండు దినములు విడువక వర్షించి పేటల వీథులను కాలువలుగను కాలువలను ఏఱులుగను మార్చి నేతగాండ్ర యిండ్లలోని గుంటమగ్గముల గుంతలన్నింటిని నీటితో నింపివేయగా వేకువ మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు ఎడతెగక వినవచ్చెడి మగ్గముల చప్పుడు అణగిపోయి ఊరెల్ల నోరు మూసికొన్నట్లుండెను. పదుమూడవనాటి ప్రాతఃకాలమున వాన తెఱపి యిచ్చినను గాలి మాత్రము నిలుకడలేక తలుపులను కొట్టుచునే యుండెను.

ఆ గాలికంటెను నిలుకడలేని మనస్సుతో తన వైద్యశాలలో కూర్చుండినవాడు డాక్టరు నిగమేశ్వరరావు. ఇరువది రెండేండ్లుగా నేతగాండ్ర నాడి పట్టి ధర్మాత్ముడని పేరుగాంచిన యా వైద్యునకెదురుగా ధవళవస్త్రధారియు మృదుభాషణుడునగు శశాంకుడను మందుల కంపెనీ ప్రతినిధి యొక పత్రమును బల్లపై పఱచియుండెను. విదేశద్వీపమొకదానియందు జరుగనున్న వైద్యుల సదస్సునకు సతీసమేతముగా పోవుటకు కంపెనీవారు చేయు ఏర్పాటది. సదస్సు ఒక పూట విహారము నాలుగు దినములు. ఈ సంగతి యిరువురకును తెలియును గాని సదస్సను మాటనే యిరువురును మర్యాదకై పలుకుచుండిరి.

ఈ యాదరమునకు మూలము వేఱొకటి గలదు. రక్తపోటు గల తన రోగులకు చిరకాలముగా ఇచ్చుచుండిన చవుకమాత్రను మాని నాలుగు మాసముల క్రిందట నిగమేశ్వరరావు ఆ కంపెనీవారి క్రొత్తమాత్రను వ్రాయనారంభించెను. పాతమాత్ర పనిచేయకపోవుటచేతనా యన్న కాదు, బాగుగనే పనిచేయుచుండెను. ప్రతిసాయంకాలమును శశాంకుడు ప్రక్కనున్న మందుల దుకాణమున నిలిచి నేడు డాక్టరుగారి చీటీలలో మా మాత్ర యెన్నింట నున్నదని విచారించి పోవునని వైద్యునకు తెలియును. తెలిసియు తెలియనట్లు వ్రాయుచుండెను. పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగినట్లని పెద్దలు ఊరక యనలేదు.

"తమ సంతకమొక్కటియే కొఱవడినది" అని శశాంకుడు కలమందించెను.

అంతలో గోలి సాంబయ్యయను నేతగాడు భార్య నాగరత్నము భుజముపై నొరగి లోపలికి వచ్చెను. మూతి యొకవైపునకు జాఱియుండెను. కుడిచేయి వ్రేలాడుచుండెను. నిగమేశ్వరరావు కలమును విడిచి లేచి తన రెండు వ్రేళ్లను ఆ చేతియందుంచి గట్టిగా పట్టుకొమ్మనెను.

"పట్టుకున్నా గదయ్యా" అని సాంబయ్య తడబడు నాలుకతో ననెను. వ్రేళ్లు మాత్రము ముడుచుకొనలేదు.

రక్తపోటు రెండువందలను దాటియుండెను. మాత్ర వేసికొనుచున్నాడా యని వైద్యుడడిగెను.

నాగరత్నము బదులు చెప్పెను. "మగ్గం ఆడిన నాడల్లా తప్పకుండా ఏసుకున్నాడయ్యా. గుంటలో నీళ్లొచ్చి పన్నెండు రోజులు పనిలేదు గదా. అందుకని ఆపాడు."

"పూర్వము ప్రతిదినము వేసికొనెడివాడు గదా?"

"అది చిన్న మాత్రయ్యా. ఇది ఖరీదుది. మీ అంతటోరు అది మాన్పించి ఇది రాశారంటే మంచి బలమైందే అయ్యుంటదనుకున్నాం. ఊరికే కూర్చున్న నాడు పాడుచేయడమెందుకని డబ్బాలో దాచిపెట్టాం."

క్రొత్తమాత్ర వ్రాసిననాడు దానినెట్లు వాడవలెనో చెప్పుటకు తనకు తీరిక లేకపోయెనని నిగమేశ్వరరావునకు అప్పుడు స్ఫురించెను. నూటయెనిమిది బండిని పిలిపించి గుంటూరు పెద్దాసుపత్రికి లేఖ వ్రాయ గూర్చుండెను.

శశాంకుడు వంగి మెల్లగా నిట్లనెను. "ఇందు తమ దోషమేమి? మాత్ర మంచిదే. వాడుకొనకపోవుట వారి యజ్ఞానము. రోగి మందు సక్రమముగా వాడలేదని యొక పంక్తి వ్రాసిన చాలును."

ఆ పంక్తి అబద్ధము కాదు. వైద్యులందఱును నిత్యము వ్రాయు పంక్తియే. నిగమేశ్వరరావు సగమువఱకు వ్రాసెను. చేయి యాగెను. మరల కదలెను. మరల నాగెను. ఎదుట నాగరత్నము పయ్యెదకొంగుతో భర్త మూతినుండి కాఱు చొంగను తుడుచుచుండెను. ఆయన యా సగము పంక్తిని కొట్టివేసి దాని క్రింద నిట్లు వ్రాసెను. "పనిచేయుచున్న మందును రోగమునకు సంబంధములేని కారణమున మార్చినవాడను నేను. దానినెట్లు వాడవలెనో చెప్పనివాడను నేను."

"నీ పత్రమును తీసికొని పొమ్ము" అని ఆయన శశాంకునితో ననెను.

"మాట మాత్రమే నాది. చీటీలు వ్రాసినది తమ చేయి" అని యాతడు పత్రమును మడిచికొనుచు పలికెను. అందును అబద్ధము లేదు.

బండి వచ్చి నిలిచెను. లేఖ నందుకొన్న నాగరత్నమునకు చదువు రాదు.

"ఏం రాశారయ్యా? తప్పు మాదని రాశారా?"

"కాదమ్మా. నాదని వ్రాసితిని."

ఆమె దిగ్భ్రమ నొంది ఆ లేఖను చేతులనడుమ నుంచుకొని నమస్కరించెను. "అట్టా అనమాకండయ్యా. తెలివితక్కువతనం మాది. ఆ ముక్క కొట్టేసి మా పేరే రాయండి. పెద్దాసుపత్రోళ్లు మిమ్మల్ని ఒక మాటంటే మేం ఓర్చుకోలేం."

ఇరువది రెండేండ్లలో ఎవరి దూషణకును తలవంచని యా వైద్యుడు ఆ నమస్కారము నెదుట నిలువజాలక తలవంచుకొనెను.